తొంభై రోజుల గుంత

ఫిబ్రవరి 3, 2009. మదనపల్లె.

బిడ్డ పారాడేలోగా మీ వాకిట్లో కుళాయి తిరుగుతుంది అని ఓవర్సీరు రామమూర్తి నాకు మాట ఇచ్చాడు. 1956లో, పుంగనూరులో, మా ఇంటి అరుగు మీద కూర్చుని, నా భార్య జయమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ ఇచ్చాడు. మా అబ్బాయి శివకుమార్ అప్పుడు నెలల బిడ్డ. వాడు పారాడాడు, నడిచాడు, పలక పట్టాడు. అప్పటికీ కుళాయి రాలేదు. యాభై మూడేళ్లయింది. రామమూర్తి పోయి కూడా పదకొండేళ్లు. నేను మరిచిపోలేదు.

ఈరోజు అది గుర్తుకు రావడానికి కారణం, నా మనవరాలు కీర్తన జయమ్మ చీరలు వద్దంది.

పట్టుచీరలు కావు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు. మా ఇళ్లలో పుట్టిన బిడ్డ ఒంటికి మొదట తగలవలసింది కొత్తబట్ట కాదు, పెద్ద ముత్తైదువ కట్టి విడిచినది. పొత్తిగుడ్డలకని జయమ్మ పోయే ముందు పదకొండు చీరలు ట్రంకుపెట్టెలో వసకొమ్ములు వేసి దాచింది. నిన్న నేనే పెట్టె దించి, స్కేలు పెట్టి కొలిచి, రెండు చీరలు చౌకాలుగా కత్తిరించాను. డెబ్బై ఎనిమిదేళ్ల చేతులు. కత్తెర వేళ్లకు కోసుకుపోయింది.

కీర్తన వాటిని చూసి, మంచం కింది నుంచి ఒక ప్యాకెట్టు లాగి నా ముందు పెట్టింది. కాగితం చడ్డీలు, వీళ్ల భాషలో డైపర్లు. ఆమె మొగుడు ఉదయ్ కిరణ్ బెంగుళూరు నుంచి తెచ్చాడట. బిడ్డకు పదహారో రోజు, అప్పుడే కంపెనీ సరుకు. ప్యాకెట్టు మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: వాడిన తరువాత తొంభై రోజుల్లో మట్టిలో కలిసిపోతుంది. భూతద్దం పెట్టి రెండుసార్లు చదివాను.

ముప్పై మూడేళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి. మూడు ఊళ్ల కాలువలు కర్రతో కెలికినవాణ్ణి. ఏది కుళ్లుతుందో, ఏది కుళ్లదో నాకు ఆకు బొమ్మ చెప్పాలా?

ఫిబ్రవరి 5

కీర్తన నన్ను కూర్చోబెట్టి వివరించింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది, అదొక అవమానం. వాళ్ల అత్తగారి ఊరు కుప్పానికి నాలుగు మైళ్లు. ఆ ఊళ్లో బావులు ఎండి మూడేళ్లయింది. ట్యాంకరు ఐదు రోజులకు ఒకసారి వస్తుంది, ఇంటికి ఆరు కడవలు. వంటకూ స్నానాలకూ పోగా గుడ్డలు ఉతకడానికి నీళ్లెక్కడివి అని అడిగింది. పొట్ట కోసి బిడ్డను తీశారు కాబట్టి బరువులు ఎత్తకూడదని డాక్టరమ్మ చెప్పిందట.

మరి కాగితం చడ్డీలు ఏవో ఒకటి వాడుకోరాదా, ఈ ఆకు బొమ్మవే ఎందుకు అన్నాను. అత్తగారు ఈశ్వరమ్మ ఒప్పుకోదు. బిడ్డ మలం అంటిన దాన్ని కాలిస్తే బిడ్డ ఒళ్లు కాలుతుందని ఆమె నమ్మకం. దారిలో పారేస్తే దిష్టి. మట్టిలో పూడ్చి, అది మట్టిలో కలిసిపోతేనే బిడ్డకు దోషం లేదు. ఉదయ్ కిరణ్ ఈ ప్యాకెట్టు వెతికి తెచ్చి, వాళ్లమ్మకు ఆ వాక్యం తెలుగులో చదివి వినిపించాకే ఆమె సరేనంది.

"ఆ ఒక్క మాట మీదే నడస్తాండాది తాతా అంతా" అంది కీర్తన.

ఒక అబద్ధం మీద ఒక కుటుంబం మొత్తం నడుస్తోంది అన్నమాట. చదువుకున్న పిల్ల, దానికి సిగ్గు లేదు.

ఫిబ్రవరి 6

తవ్వాను. పెరట్లో, స్నానాల గది నీళ్లు పారే చోట, కరివేపాకు చెట్టు పక్కన. అడుగున్నర లోతు. ఒకవైపు బిడ్డ వాడిన కాగితం చడ్డీ ఒకటి. మరోవైపు అదే సైజులో జయమ్మ చీర ముక్క. మధ్యలో పెంకు నిలబెట్టాను. పరీక్ష అంటే ఇలా చేయాలి. పోల్చడానికి రెండోది లేకుండా చేసిన పరీక్ష పరీక్ష కాదని నేను చదివిన ప్రతి శాస్త్రగ్రంథమూ చెబుతుంది.

కోడలు రేఖ వంటింటి కిటికీలోంచి చూస్తూ, ఏం పాతిపెడుతున్నారు మామా అని అడిగింది. "నిజాన్ని" అన్నాను. తలుపు వేసుకుంది.

తొంభయ్యో రోజు మే 7.

ఫిబ్రవరి 20

ఇంకా డెబ్బై ఆరు.

మార్చి 8

ముప్పయ్యో రోజు. తీసి చూశాను.

చీర ముక్క జల్లెడలా ఉంది. పట్టుకుంటే వేళ్ల మధ్య ముద్దయింది. కాగితం చడ్డీ పెట్టింది పెట్టినట్టే ఉంది. పైగా ఉబ్బింది. చించి చూస్తే లోపల సగ్గుబియ్యం జావలాంటి పదార్థం, కుదురుగా, నిగనిగలాడుతూ. బయటి పొర కుళాయి వాషరులా సాగుతోంది. సాగి, వెనక్కి పోయి మళ్లీ తన ఆకారానికి వస్తోంది.

నాకు సంతోషం కలిగిందని రాసుకోవడానికి సిగ్గెందుకు? కలిగింది.

పేపరు చదవడానికి రోజూ వచ్చే గంగులప్పకు చూపించాను. అతనిదీ పుంగనూరే, మా వీధే. తరవాత ఇక్కడికి వచ్చి టమాటా మండీలో ముప్పై ఏళ్లు గుమాస్తా చేశాడు. ముక్కు మూసుకుని గుంతలోకి వంగి చూశాడు. తరవాత నవ్వాడు.

"ఆ పొద్దు పైపుల్ని గూడా నువ్వు ఇట్లే కొలిస్తివి కదప్పా. దారం పెట్టి."

వయసుతో పాటు గంగులప్ప బుర్ర పాడైంది. కాగితం చడ్డీకీ నీళ్ల గొట్టానికీ ఏమిటి సంబంధం?

మార్చి 9

ఏమిటి సంబంధం?

మార్చి 15

గంగులప్ప మాట వారం రోజులుగా చెవిలో తిరుగుతోంది. రాసి పారేస్తాను. నిజంగా జరిగింది ఇది.

1956 చివర్లో మా వీధికి గొట్టాలు వచ్చాయి. అరుగు ముందరే దింపారు. నేను దారం చుట్టి, స్కేలు మీద పెట్టి కొలిచాను. ప్లానులో ఉన్నదాని కంటే సన్నం. రేకు పలచన. గోరు పెట్టి నొక్కితే సొట్ట పడేలా ఉన్నాయి. రామమూర్తిని అడిగాను. కంట్రాక్టరు తెచ్చినవి అవే అన్నాడు. ముందు కుళాయి రానీ ఆదినారాయణా, ఆ తరవాత నువ్వు ఎంత పెద్ద అర్జీ అయినా పెట్టుకో, నేనే సంతకం చేస్తాను అన్నాడు. ఇది లంచగొండి మాట కాక మరేమిటి?

అర్జీ పెట్టాను. పై అధికారులు వచ్చారు, కొలిచారు. నా కొలత వెంట్రుకవాసి తప్పలేదు. పని ఆపేశారు. గొట్టాలు బండ్ల మీద వెనక్కి పోయాయి. మళ్లీ టెండరు, మళ్లీ ప్లాను. కుళాయి రావడానికి మూడేళ్లు పట్టింది. అది వచ్చిన నెలలోనే నాకు బదిలీ. ఒక్క చెంబు పట్టుకోలేదు.

మేము నీళ్లు తెచ్చుకునే దిగుడుబావి మైలు దూరం. జయమ్మ తెచ్చేది. రోజుకు ఎనిమిది కడవలు, చంకలో శివకుమార్. వాడి గుడ్డలు బావి దగ్గరే ఉతికి, తడి మూట తల మీద, కడవ నడుం మీద.

రెండో కడుపు నిలవలేదు. ఏడో నెల. బావి మెట్ల మీద. మంత్రసాని వచ్చి వెళ్లింది. మూడో పొద్దున నేను నిద్ర లేచేసరికి నా స్నానానికి నీళ్లు కాగి ఉన్నాయి. "పోసుకోండి, సల్లారిపోతాయి" అంది. అంతే అంది.

రామమూర్తి మంచి గొట్టాలు తెప్పించి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. ఇందులో గంగులప్పకు నవ్వు వచ్చేది ఏముందో నాకు అర్థం కాదు.

మార్చి 29

కీర్తన బిడ్డను తీసుకుని కుప్పం వెళ్లింది. మూడో నెలలో పంపాలట. ఉదయ్ కిరణ్ కారు మాట్లాడుకొచ్చాడు. డిక్కీ నిండా ఆకు బొమ్మల ప్యాకెట్లు. జయమ్మ చీరల మూట నేను ముందు సీట్లో పెట్టబోతే, కీర్తన మెల్లగా తీసి మళ్లీ ట్రంకుపెట్టె మీద పెట్టింది.

వెళ్లే ముందు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరకు వేసింది. నేను గుంత తవ్వి చూసింది రేఖ చెప్పిందట.

"మా అత్తకు జాబు రాయొద్దు తాతా. నీకు దండం పెడతా. నీ మాటంటే ఆమెకు గురి. నువ్వు రాస్తే అయిపోయ."

ఊఁ అన్నాను.

ఊఁ అనడం మాట ఇవ్వడం కాదు. మాట ఇవ్వడమంటే ఏమిటో నాకు తెలుసు, అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ రామమూర్తి ఇచ్చింది మాట.

ఏప్రిల్ 7

అరవయ్యో రోజు. చీర ముక్క లేదు. నిజంగానే లేదు. వేళ్లతో మట్టి అంతా జల్లించాను, అంచు దారం బెత్తెడు దొరికింది. దాన్ని జేబులో వేసుకున్నాను, ఎందుకో తెలియదు.

కాగితం చడ్డీని కుళాయి కింద కడిగితే మళ్లీ వాడుకోవచ్చు, అంత భేషుగ్గా ఉంది.

మధ్యాహ్నం కూర్చుని మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి కంపెనీకి, ఇంగ్లీషులో. ఒకటి పత్రికకు. ఒకటి ఈశ్వరమ్మకు, నాలుగు పేజీలు. ఆమె తక్కువ చదువుకున్నది కాబట్టి అక్షరాలు పెద్దవిగా, మాటలు తేలికగా రాశాను. గుంత బొమ్మ వేసి చూపించాను. మీ పెరట్లో కొబ్బరిచెట్టు కింద మీరు పూడ్చినవన్నీ పూడ్చినట్టే ఉంటాయి, కావాలంటే తీసి చూడండి అని రాశాను. అందులో అబద్ధమైన ముక్క ఒక్కటి చూపించమనండి.

పోస్టుడబ్బా వరకూ నేనే నడిచాను. మూడూ వేశాను.

మోసాన్ని చూసి ఊరుకున్నవాడు మోసగాడిలో సగం. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నాదే.

ఏప్రిల్ 18

కంపెనీ జవాబు లేదు. పత్రిక జవాబు లేదు. ఈశ్వరమ్మ జవాబు వచ్చింది. ఎవరి చేతనో రాయించింది. అతికించి పెడుతున్నాను, కానీ ఇంక్‌ అలుక్కుపోతోంది, అందుకని ముఖ్యమైన ముక్క ఎత్తి రాస్తాను:

"పెద్దాయనా, మీరు రాసింది సూసి కొబ్బరిసెట్టు కాడ తీయించినాము. మీరు సెప్పినట్టే అన్నీ ఉండాయి. నా కడుపు సల్లబడి పోయింది. బిడ్డకు దోషం తగలకుండా కాపాడినారు. మిగిలినవి ఆ పొద్దే వెనక్కి ఇచ్చేసినాము. ఇంగ గుడ్డలే. మీ ఇంట్లో పెద్దామె సీరలు ఉండాయంట కదా, పంపించేది."

చూడు. ఒక పల్లెటూరి ఆడమనిషి నిజాన్ని నిజమని ఒప్పుకుంది.

ఏప్రిల్ 20

మిగిలిన తొమ్మిది చీరలూ కత్తిరించి శివకుమార్ చేత పంపాను. బొబ్బలు. ఫరవాలేదు. జయమ్మ కోరిక తీరింది.

ఏప్రిల్ 24

ఫోను చేస్తే కీర్తన స్నానం చేస్తోందన్నారు. ఉదయం చేసినా అదే, సాయంత్రం చేసినా అదే. నీళ్లు లేని ఊళ్లో ఎన్ని స్నానాలు?

ఏప్రిల్ 30

శివకుమార్ మళ్లీ కుప్పం వెళ్లి వచ్చాడు. నా గదిలోకి రాకుండా హాల్లో నిలబడి రేఖతో చెప్పాడు, నాకు వినిపించేలా.

ట్యాంకరు పది రోజులుగా రాలేదు. ఊరి బయట మల్బరీ తోటలో ఒక బోరు ఉంది, కరెంటు ఉన్న రెండు గంటలే నీళ్లు. అదీ ఎర్రటి ఎండలో. అత్తగారికి మోకాళ్లు లేవవు. ఉదయ్ కిరణ్ బెంగుళూరు డ్యూటీ, వారానికి ఒకరోజు వస్తాడు. కీర్తన పోతోంది, మోసుకొస్తోంది. కోత మానినచోట నొప్పి, లోపల ఏదో ఉబికి వచ్చింది, మళ్లీ ఆపరేషను అవసరమో కాదో స్కానింగు చూసి చెబుతామన్నారట.

బిడ్డకు తొడలంతా పుండ్లు. ఒక్క బకెట్టు నీళ్లలో పాతిక గుడ్డలు జాడిస్తే సబ్బు పోదు. ఆ గుడ్డలే ఆరబెట్టి మళ్లీ కట్టారు. పుండ్లు చీము పట్టి జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. నాకు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.

రేఖ ఏడ్చింది. నేను గదిలో కూర్చుని కంపెనీకి రెండో ఉత్తరం మొదలుపెట్టాను. తప్పంతా వాళ్లది. నిజంగా మట్టిలో కలిసేది తయారు చేసి ఉంటే ఇది జరిగేది కాదు.

రెండు లైన్లు రాశాను. 'ఇది జరిగేది కాదు' అన్న మాట ఇంతకు ముందు కూడా ఎక్కడో రాశాను.

మే 2

కీర్తన తనే ఫోను చేసింది. గట్టిగా మాట్లాడలేదు. అరిచి ఉంటే జవాబు చెప్పడం నాకు తెలుసు.

బిడ్డ ఎట్లా ఉన్నాడన్నాను. జ్వరం తగ్గిందంది. నేను రాసిన దాంట్లో తప్పేమైనా ఉందా, నువ్వే చెప్పు అన్నాను.

"ల్యాదు తాతా. నువ్వు రాసిందంతా నిజమే. ఆకు బొమ్మోళ్లు దొంగలే. నిజం నీది. నీళ్లు మోసేది నేను."

నేను ఏదో అనబోయాను.

"రాయనని సెప్పి యాల రాస్తివి? నన్ను ఒక్క మాట అడిగింటే కాదా? నీకు వాళ్ల మింద గెలవాల. గెలిస్తివి. ఇంగ నువ్వే వచ్చి సూసుకో నీ మునిమనవడి తొడలు."

పెట్టేసింది.

ఊఁ అనడం మాట ఇవ్వడం కాదు.

మే 4

కాదు.

మే 6

ఊఁ అనడమూ మాట ఇవ్వడమే.

మే 7

తొంభయ్యో రోజు. గుంత తీయలేదు.

ఉదయం బస్టాండు దగ్గర ఒక మందుల షాపుకు పోయాను. ఆకు బొమ్మ ఉన్న ప్యాకెట్టు అడిగాను. అట్లాంటివి ఈ ఊళ్లో దొరకవన్నాడు. మామూలువి ఉన్నాయన్నాడు. ప్లాస్టిక్కు, నిఖార్సయిన ప్లాస్టిక్కు. ఇవి మట్టిలో కలుస్తాయా అన్నాను. షాపువాడు నా మొహం చూసి, తాతా మనం కలుస్తాం గానీ అవి కలవవు అన్నాడు. ఎనిమిది ప్యాకెట్లు కట్టమన్నాను.

నా వెనక నిలబడిన ఇద్దరు నవ్వుకున్నారు. ఈ చడ్డీలు నాకే అనుకుని ఉంటారు. అనుకోనీ.

బస్సు పుంగనూరులో పది నిమిషాలు ఆగింది. దిగలేదు. వేడి. కిటికీలోంచి చూస్తే ఒక ఇంటి ముందర కుళాయి కింద ఆడపిల్ల కడవ పెట్టి, అది నిండేదాకా పక్కనే కూర్చుని జడ వేసుకుంటోంది. అంత తీరిగ్గా. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పలమనేరులో బస్సు మారాను.

సాయంత్రం నాలుగింటికి చేరాను. ఈశ్వరమ్మ గుమ్మంలోకి ఎదురొచ్చి కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆ చెంబు చూసి వద్దన్నాను. కీర్తన లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేవలేదు. బిడ్డను విప్పి నా ఒడిలో పెట్టింది. తొడలు చూశాను. ఎర్రగా, పొరలు లేచి. తుండుగుడ్డ తగిలినా ఏడుస్తున్నాడు.

మూట విప్పి ప్యాకెట్లు నేల మీద పరిచాను. ఈశ్వరమ్మ ఒకటి అటూ ఇటూ తిప్పింది.

"దీని మింద ఆకు బొమ్మ ల్యాదే పెద్దాయనా?"

"దొంగవాటికి కావాలి బొమ్మలు. ఇవి నిజమైనవి. వీటికి అక్కర్లేదు."

"మట్లో కలస్తాయా?"

నేను డెబ్బై ఎనిమిదేళ్లు బతికాను. కంట్రాక్టర్లతో, చైర్మన్లతో, హోటలు యజమానులతో, సొంత పై అధికారులతో తగువు పెట్టుకున్నాను. ఒక్కచోట కూడా కొలతలో అబద్ధం చెప్పలేదు.

"తొంభై రోజులు పూడ్చి ఉంచాను. ఈరోజు పొద్దున్నే తీసి చూసి వస్తున్నా. ఏమీ లేదు. మట్టే."

జేబులోంచి చీర అంచు దారం తీసి చూపించాను. మిగిలింది ఇంతే అన్నాను.

ఈశ్వరమ్మ ఆ దారాన్ని కళ్లకద్దుకోబోయి మానుకుంది. "మీరు సెప్పినాక ఇంగేముండాది" అంది. ప్యాకెట్లు ఎత్తి లోపల పెట్టింది. మూడడుగుల లోతు పూడ్చాలి, కొబ్బరిచెట్టుకు దూరంగా, మళ్లీ తవ్వి చూడకూడదు అని చెప్పాను. బిడ్డకు మంచిది కాదా అంది. మంచిది కాదన్నాను. ఇంకొక అబద్ధం.

మే 8. కుప్పం.

కీర్తన బిడ్డకు మందు రాసి, కాసేపు ఆరనిచ్చి, కొత్త చడ్డీ తొడిగింది. నన్ను చూడకుండానే అడిగింది: "నిజంగా కలిసిపోయిందా తాతా?"

నీ పని చూసుకో అన్నాను. తలవంచుకుని నవ్వింది. మొగుడు వస్తే స్కానింగుకు పోతానంది. మోయొద్దన్నాను. మోయనులే అంది.

మే 9. మదనపల్లె.

రేఖ అడిగింది, తొంభై దాటింది కదా మామా, గుంత తీయరా అని. శివకుమార్ చేత బట్టలుతికే బండ జరిపించి దాని మీద పెట్టించాను. గంగులప్ప బండ చూశాడు. పేపరు సగం చించి నాకు ఇచ్చాడు.

రామమూర్తిని వదిలేస్తున్నాను. చచ్చి పదకొండేళ్లయినవాణ్ణి ఎంతకాలమని పట్టుకుంటాను? ముందు కుళాయి రానీ అన్నాడు. అంతే అన్నాడు.

కీర్తన ఫోనులో నాలుగు మాటలంది. ఐదో రోజున నేను బస్సెక్కాను. నన్ను కదిలించడానికి పట్టింది అంతే. జయమ్మకు మూడేళ్లు ఉన్నాయి. నేను అరుగు మీద అర్జీకి నకళ్లు రాసుకుంటుంటే, నా పక్క నుంచే, నీళ్లు కారుతూ, రోజుకు ఎనిమిదిసార్లు లోపలికి పోయింది. కాగితాలు తడుస్తాయని కొంగు అడ్డం పెట్టుకుని పోయేది. ఒక్కసారి ఆ కడవ నా రాతల మీద వంచి ఉంటే ఆ సాయంత్రమే అర్జీ వెనక్కి తీసుకునేవాణ్ణి. తీసుకునేవాణ్ణే. బావి మెట్ల దగ్గర నుంచి ఆమెను మోసుకొచ్చిన రోజైనా అడగవచ్చు కదా. అడగలేదు. మూడో రోజున నీళ్లు కాచింది.

ఒక్క మాట. యాల అని ఒక్క మాట.

నేను ఇప్పటికీ క్షమించలేనిది ఆమెనే. జయమ్మను.